పుంగనూరు పెట్టె, కుప్పం పెట్టె

మదనపల్లె మిషన్ ఆసుపత్రి గేటుకెదురుగా ఉన్న మణెమ్మ టీ కొట్టు ముందర, బల్ల మీద శాలేము రాజు కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఆ పూట టీలు రెండింతలు అమ్ముడుపోతాయి. రాజు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆదివారం ఆయన వేళ్లు ఎంత బుద్ధిగా ఉంటాయో, మిగతా రోజులు ఆయన నాలుక అంత ఆగడం చేస్తుంది.

ఆ మధ్యాహ్నం ఆయన అన్న కూతురు ప్రిస్కిల్లా కూడా వచ్చి బల్ల చివర కూర్చుంది. చర్చిలో పాటల బృందాన్ని నడిపేది ఆమే. ఉన్న కీబోర్డు చెడిపోతే, "కొత్తవాటి శబ్దం డబ్బా పాలు, పాతకాలం అనలాగ్ సింథసైజరు కీబోర్డుది పొదుగు పాలు" అని కమిటీని ఒప్పించింది చిన్నాయనే. అలాంటి పాత పెట్టెలు అమ్మకానికి రెండు దొరికాయి, పుంగనూరులో ఒకటి, కుప్పంలో ఒకటి. కోత పండగలో జనం తెచ్చిచ్చిన టమాటాలు, శెనక్కాయలు, కోళ్లు వేలం పాడిన డబ్బు ఒక్కదానికే సరిపోతుంది. రెండూ చూసొచ్చింది చిన్నాయన ఒక్కడే. ఏది కొనాలో సాయంత్రం కమిటీకి ప్రిస్కిల్లా చెప్పాలి. తప్పు పెట్టె వచ్చిందా, నాలుగు గొంతుల్లో కలిపి పాడే క్రిస్మస్ పాట చెడుతుంది, చిన్నాయన్ని కీబోర్డు ముందున్న కుర్చీలోంచి దించేస్తారు.

"ఏది బాగుండాది సిన్నాయనా?"

"సెప్తా ఉండమ్మా, యాల తొందర? ముందు పుంగనూరు పోయినానా, ఆడ గంగాధరమని ఒకప్పుడు పెండ్లిళ్లకి ఆర్కెస్ట్రా కట్టిన మనిషి, నడవలో పెట్టె పెట్టినాడు. పాత పెట్టెలు గదా, వేడెక్కేదాకా శ్రుతి నిలవదు, జారతానే ఉంటాది. పాపం ఆయన మరలు తిప్పీ తిప్పీ అలిసిపోయినాడు. నేను మర మీద యిట్ల వేలు పెట్టినానో లేదో, శ్రుతి గమ్మున కూర్చుంది."

"అంతేనా?" అన్నాడు ఆటో గణేష్. అనకుండా ఉండాల్సింది.

"అంతేనా అంటాడు సూడు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పది వేళ్లూ పరిచి ఒకేసారి నొక్కినా. ఓయబ్బా! గోడకుండే సున్నం రాలింది. పెరట్లో గంగాధరం ఆవు, మన పుంగనూరు పొట్టావు, నా మోకాలెత్తు కూడా లేదు, తలుపు తోసుకోని వచ్చి నా పక్కన నిలబడి తనంతట తానే పాలు వదిలేసింది. చెంబు నిండె, బిందె నిండె, గంగాళం నిండె..."

"మోకాలెత్తు ఆవుకి గంగాళమా అప్పా?" టీ వడగడుతూ అడిగింది మణెమ్మ.

"నువ్వు టీ పొయ్యి తల్లీ, పాల సంగతి నీకెందుకు? ఆ పొద్దు సదుం దాకా పాలు కొనే నాథుడు లేడు!"

"కుప్పం పెట్టె యెట్లుండాది?" ప్రిస్కిల్లా మళ్లీ అడిగింది.

"అదా? బాగానే ఉండాది. పాటలో నాలుగు గొంతుల స్వరాలూ కలిపి నొక్కినా దేనికది వినపడతాది. కొంచెం బరువు."

అంతే. సున్నం రాలలేదు, ఆవు రాలేదు. ప్రిస్కిల్లా టీ గ్లాసు కింద పెట్టింది. చిన్నాయన సంగతి ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మనసుపడ్డ దాన్నే ఆయన గోరంత ఉంటే కొండంత చేస్తాడు.

రాజు అప్పటికే మళ్లీ పుంగనూరు చేరుకున్నాడు. "ఆ పెట్టె అడుగు స్వరం ఉండాదే, అది గాల్లో పోలా, భూమిలోకి దిగింది. పోయి పోయి పెద్దతిప్పసముద్రంలో ఎండిపోయిన బోరు కాడ తేలింది. మోటరు లేదు, కరెంటు లేదు, నీళ్లు తాటిచెట్టెత్తు లేచినాయి! ఆడితో ఆగిందా? కుప్పం స్టేషన్లో బెంగళూరు రైలు కదలబోతా, ఎదురుగా ఇంకో రైలు కూస్తాండాదనుకోని డ్రైవరు బ్రేకేసినాడు. నేనీడ ఒక్కో వేలు తీస్తాంటే ఆడ ఒక్కో బోగీ కదిలింది. జనం దిగి నాకు దండాలు పెట్టినారు."

"నువ్వు పుంగనూరులో గదా ఉండావు రాజన్నా?" అన్నాడు గణేష్.

"పుంగనూరు దిక్కు తిరిగి పెట్టినారప్పా!"

"సిన్నాయనా," అంది ప్రిస్కిల్లా మెల్లగా, "పది వేళ్లూ ఒకేసారి నొక్కినావా?"

"పదీ! కాలి వేలు అందలేదు గానీ, అందుంటే అదీ నొక్కుదును."

"పొద్దున గంగాధరం గారు ఫోన్ చేసినాడు. ఆ పెట్టె ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతాదంట. పది నొక్కినా ఒకటేనంట."

రాజు తన పది వేళ్ల వైపూ చూసుకున్నాడు.

"మరి మిగతా తొమ్మిది వేళ్లూ యేం చేస్తాండె?" అన్నాడు గణేష్.

"ఆవు తనంతట తానే ఇచ్చిందన్నాడే," అంది మణెమ్మ, "ఆ తొమ్మిదే పితికుంటాయిలే!"

బల్ల మీదున్న వాళ్లంతా విరగబడి నవ్వారు. రాజు కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

"ఒకటే గొంతు, నిజమేనమ్మా," అన్నాడు. "కానీ అది మా నాయన గొంతు. చర్చిలో ఏ వాయిద్యమూ లేని దినాల్లో ఆయనొక్కడే పాట ఎత్తేవాడు, అందరూ అందుకునేవాళ్లు. ఆ పెట్టె మీద వేలు పెడితే నాయనే పలికినట్టాయె. ఆడ వదిలేసి రాబుద్ధి కాలే."

తాత పాట ప్రిస్కిల్లా ఎన్నడూ వినలేదు. జరిగి వచ్చి చిన్నాయన పక్కన కూర్చుంది.

"కుప్పం పెట్టే తెద్దాం సిన్నాయనా. మన పిల్లోల్లు నాలుగు గొంతుల్లో పాడాల."

"నాకు తెలీదా? అందుకే గదా దాని మీద ఒక్క కోత కూడా కొయ్యలే."

"మనం కొనకపోయినా పుంగనూరు పెట్టెని గంగాధరం గారు ఇప్పుడిప్పుడే ఇంకెవరికీ అమ్మడంట. నీకు ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడొచ్చి వాయించుకోని పొమ్మన్నాడు."

రాజు కళ్లు తుడుచుకుని లేచి నిలబడ్డాడు. "అట్లనా అన్నాడు? సూసినారా, నా వేళ్ల మహిమ! ఈసారి పోయేటప్పుడు ఇంకో గంగాళం తీసుకోని పోతా."

"వద్దు సిన్నాయనా," అంది ప్రిస్కిల్లా నవ్వుతూ, "వాళ్లింట్లో ఆవే లేదంట."