గండికోట కన్నా కెనడా దగ్గర

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన ఏడాది, జమ్మలమడుగులో ఒకాయన బజారు నుంచి వస్తూనే, చెప్పులైనా విడవకుండా భార్య మీద ఎగిరాడు. ఆమె రొట్టెలకు జొన్నపిండి పిసుకుతోంది.

“ఏమే, మనం పిల్లోల్లను పిల్చుకోని కెనడా పోతాండామా?”

“కెనడా ఏంది? కన్నడ దేశం పోయి జోగు జలపాతం చూసొస్తామని పక్కింటి మహబూబ్‌బీతో అంటి. ఆయమ్మకు కెనడా అని ఇనపడినట్టుంది.”

“ఊరంతా అదే మాట! ఓడ ఎప్పుడెక్కుతావప్పా అని బజార్లో అడుగుతాండారు. పోయి కాదని చెప్పిరా.”

“నేను చెప్పను.”

“ఏం, ఎందుకు చెప్పవు?”

“పోయినేడు పిల్లోల్లకు గండికోట చూపిస్తామంటే ఈ ఊరేమనింది? ‘ఎదిగిన ఆడపిల్లను పిల్చుకోని కోటలెంట తిరుగుతారా, సిగ్గులేదా’ అనింది. నువ్వు తల వంచుకోని, వాకిట్లోకొచ్చిన బండిని వాపసు పంపితివి.”

ఆయన వంగి చెప్పులు విడిచాడు.

“ఇప్పుడు కెనడా అంటే ఒక్కరన్నా ఆ మాటెత్తినారా?”

“లేదు. ఆడ చలి శానా అంట, పాపకు మంచి కంబళి కొనుమనినారు.”

“చూసినావా! కూతవేటులో ఉండే గండికోటకు పోతే పోయే మానం, సముద్రం దాటితే పోదంట! కన్నడ అని చెప్తే మల్లా అదే పాట ఎత్తుకుంటారు. నేను చెప్పనుగాక చెప్పను.”

“తిరిగొచ్చినాక కెనడా ఎట్లుండాదని అడిగితే?”

ఆమె పిండిముద్దను పీట మీద పెట్టి ఫట్టున తట్టింది.

“జలపాతం చూసినామని చెప్తా. ఏం, కెనడాలో నీళ్లు పైకి పడతాయా?”