తల్లికి చేరినవాడు

హంసలదీవి సంగమంలో రాంప్రసాద్ అస్థికలు కలిపి, అత్తాకోడళ్లు కారులో గుడివాడ తిరిగి వస్తున్నారు. కోడలిది షిల్లాంగు. భర్త రాంప్రసాద్ దగ్గరే తెలుగు నేర్చుకుంది. పాప ఆమె ఒళ్లో నిద్రపోతోంది.

"పాపని నా దగ్గర వదిలెయ్. వాడి గుర్తుగా మిగిలింది అదొక్కటే."

"కుదరదండీ. మా ఖాసీల్లో పిల్లలు తల్లి వంశమే. దాని ఇంటిపేరు కూడా నాదే."

"పెళ్లాం ఇంటికి కాపురానికి వెళ్లిన మొగాడు! గుడివాడలో తలెత్తుకోలేకపోయాం."

"అందుకేనా, జబ్బుపడి ఫోన్ చేస్తే, 'అక్కడే తిన్నావు, అక్కడే చావు' అన్నారు?"

"కోపంలో అన్నాను. కన్నతల్లిని, ఆమాత్రం అనకూడదా?"

"ఆయన స్పీకర్‌లో పెట్టారు. నేనూ విన్నాను."

"అంత పగ ఉంటే అస్థికలు ఇంతదూరం ఎందుకు తెచ్చావు?"

"మాలో భర్త పోతే ఎముకలు అతని తల్లివాళ్లకి అప్పగించాలి. మీకు చేరాల్సింది చేర్చాను, అత్తయ్యగారూ."

"ఒక్క వారమైనా ఉంచమ్మా. నానమ్మా అని పిలిపించుకుంటాను."

"ఆ మాట పాపకి తెలీదండీ. ఆయన నేర్పుదామనుకున్నారు. మీకు ఫోన్ చేశాక మానేశారు."