పైకి లేచిన చెయ్యి

వినికిడి లేని పిల్లలకు బడి కట్టించడానికి చెవులు హోరెత్తేలా వాయించే రెండు మెటల్ బ్యాండ్లు కలిసి స్టూడియోలో పాట రికార్డు చేస్తున్నాయి. అద్దం అవతల ఆ పిల్లలే స్పీకర్లకు అరచేతులు ఆనించి కూర్చున్నారు. ఒక బ్యాండు డ్రమ్మర్ కర్రలు అందుకున్నాడు. ఎదుటి బ్యాండు గాయకుడు అతని బావే.

"బావా, వీళ్ళకేం తెలుస్తుందని పిలిచావు?"

"నువ్వు కొట్టి చూడరా."

కొట్టాడు. గోడలు అదిరాయి.

"బావా, ఆ చిన్నది చెయ్యి ఊపుతోంది. తగ్గించమంటోందా?"

"మీ అమ్మా, పక్కింటాయనా, పోలీసులూ అదేగా అన్నారు, నీకు అలవాటైపోయింది. సరిగ్గా చూడు, చెయ్యి ఎటు పోతోంది?"

"పైకి... పెంచమంటోంది! బావా, ఇరవయ్యేళ్ళలో మొదటిసారి!"

"మరి చూస్తావేంరా? ఈ గోడలు కూలితే బడితోపాటు ఇవీ కట్టిద్దాం. కొట్టు!"