వరండాలో మూడో తరగతి

నా పేరు పొన్నమ్మ. వయసు ముప్పై ఒకటి. భర్త ఎల్లప్ప. గుడియాత్తంలో మగ్గాల వీధిలో కాపురం. లుంగీలు నేస్తాను. నూలు ధర పెరిగినాక నా భర్త మగ్గం వదిలి వేలూరుకు కట్టడం పనికి పోతున్నాడు. జరిగినదాంతో ఆయనకు సంబంధం లేదు.

మా కూతురు యువరాణి వీధి చివరి బడిలో మూడో తరగతి. ఈ సంవత్సరం, 1996 జులైలో, జిల్లాలోని బడులన్నిటికీ ఒకే ప్రశ్నపత్రం అచ్చువేసి పరీక్ష పెట్టారు. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

ఆగస్టులో ఒక సోమవారం పొద్దున బిడ్డ బడికి పోకుండా రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. ఏమైందని అడిగాను.

"పరీక్షలో సి మార్కు వచ్చిందంట, నేను సి పిల్లనంట అమ్మా. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టినారు. యింక బడికి పోను, నీతోనే పని చేస్తా," అంది.

కండెలు చక్కగా చుడుతోంది. అది చూసే నాకు భయం వేసింది.

పక్కింటి కాళియమ్మ కొడుకు జీవా కూడా వరండాలోనే. ఇద్దరం పోయి హెడ్మాస్టరు శివలింగం గారిని అడిగాం. రేపు రమ్మన్నారు. మర్నాడు పోతే మళ్ళీ రేపన్నారు. బుధవారం పదకొండు గంటలకు బిడ్డను కూడా తీసుకుపోయాను.

"ఇదంతా ఆఫీసు విషయం. నీకు అర్థం కాదు, పోమ్మా," అన్నారు.

నేను బయటికి వచ్చి ఆయన గది తలుపుకు గొళ్ళెం పెట్టాను. కాళియమ్మ వద్దంది. నేనే పెట్టాను. తిట్టలేదు, కొట్టలేదు.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి అరిచారు. ఎదురంగడివాళ్ళు పోలీసు స్టేషనుకు పరుగెత్తింది అప్పుడే.

"సారూ, నా బిడ్డ ఏం తప్పు రాసిందో చెప్పండి. తలుపు తీస్తా. నాకు చదువు రాదు, చెవులుండాయి కదా," అన్నాను.

ఆయన పరీక్ష పేపర్ల కట్ట విప్పి బిడ్డ పేపరు తీశారు. నేను గొళ్ళెం తీశాను. ఆయన వచ్చి మా పక్కనే వరండాలో కూర్చున్నారు.

ముందుపక్క లెక్కలన్నీ సరిగానే ఉన్నాయట. వెనకపక్క ఏమీ రాయలేదట. ఆ ప్రశ్నలు ఆయన నోటితో అడిగితే బిడ్డ ఒక్కటి తప్ప అన్నీ చెప్పింది.

"మరి యెందుకు రాయలేదు తల్లీ?" అన్నారు.

"వెనకాల కూడా ఉండాదని తెలీదు సార్," అంది.

మా పిల్లలు నల్లబల్ల చూసి పలకమీద రాసేవాళ్ళు. అచ్చు ప్రశ్నపత్రం అదే మొదటిసారి. ఆయన గబగబా మిగతా పేపర్లు తిప్పారు. చాలామందివి వెనకపక్క ఖాళీ.

"కాగితం తిప్పమని చెప్పాల్సింది నేనే," అన్నారు. తల వంచుకున్నారు. నాకు కోపం పోయింది.

జీవా మాత్రం రెండువైపులా రాశాడు. కూడిక తప్ప ఏమీ రావడం లేదని ఆయన కాళియమ్మకు దాచకుండా చెప్పారు. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"ఇప్పుడన్నా చెప్పినారు సారూ. యింట్లో నేనేం చెయ్యాల?" అంది.

రోజూ సాయంత్రం వాణ్ణి తన దగ్గరికి పంపమన్నారు. కానిస్టేబులు పొన్నుస్వామి గారు వచ్చేసరికి మేం ఆ మాటల్లోనే ఉన్నాం. తననెవరూ ఏమీ చెయ్యలేదని హెడ్మాస్టరు గారు ఆయనతో అన్నారు. అది ఆయన మంచితనం. గొళ్ళెం పెట్టింది మాత్రం నిజం.

ఆ మధ్యాహ్నమే వరండా పిల్లల్ని లోపలికి పిలిచారు. పరీక్ష మళ్ళీ పెడతారు. దానికి ముందు తల్లిదండ్రులందర్నీ పిలిచి, ఏం అడుగుతారో, ఎందుకు అడుగుతారో చెబుతామన్నారు. ఆ మీటింగు రేపు పది గంటలకు.

కేసు పెడితే పెట్టండి, పిలిచినప్పుడు వస్తాను. రేపు పది గంటలకు మాత్రం పిలవొద్దు.

నేను చెప్పిందే రాశారు. చదివి వినిపించగా విన్నాను. ఇందులో అబద్ధం లేదు.

పొన్నమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర