అరవయ్యో అడుగు

మలేషియాలో క్లాంగ్ ఊరి దగ్గర, తాము పుట్టి పెరిగిన రబ్బరు తోట కొట్టేసి కట్టిన కొత్త మాల్ వెనక తమ్ముడు కారు ఆపాడు. అక్క దిగి, తోటలో మిగిలిన ఒక్క మారియమ్మ గుడి దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి అడుగులు లెక్కపెడుతూ వెనక్కి వచ్చింది.

"ఏంటక్కా, మాల్ కొనేస్తావా?"

"అరవై అడుగులు, కాలవ వైపు. నాన్న నాచేత లెక్కపెట్టించాడు."

"కాలవ వైపా? పాములుంటాయని నన్నటు పోనిచ్చేదానివి కాదుగా!"

"పాముల్లేవురా. చెల్లిని పూడ్చిందక్కడ. రాయి పెట్టే స్తోమత లేక నాన్న రబ్బరు పాలు పట్టే చిప్ప బోర్లించాడు."

"మనకో చెల్లి ఉండేదా?"

"పదకొండు రోజులు. నీకప్పటికి రెండేళ్ళు."

అతను అక్క పాదాల వైపు చూశాడు.

"ఎన్నడుగులయ్యాయి?"

"యాభై ఎనిమిది. ముందు నీ కారుంది."

"ఉండక్కా, తీసి అవతల పెట్టొస్తా."