ఒంటి బూటు

నా పేరు పాస్‌పోర్టు చూసి మీరే రాసుకున్నారు. వయసు ఇరవై మూడు. ఇక్కడి విశ్వవిద్యాలయంలో నీటిపారుదల ఇంజనీరింగులో పైచదువు చదువుతున్నాను. ఈ నగరానికి వచ్చి ఆరు నెలలైంది. చిరునామా అడిగితే మా నాన్నగారి ఇంటిది ఇచ్చాను. ఇక్కడి భాష నాకు వచ్చు. అయినా కోపంలో తెలుగే వస్తుంది కాబట్టి, అనువాదం చేసే ఆవిడను పక్కన కూర్చోబెట్టమని నేనే అడిగాను.

మేము నలుగురం ఆడపిల్లలం కలిసి ఒక ఫ్లాట్‌లో అద్దెకు ఉంటున్నాం. అందరిలో పెద్దామెను అక్కా అని పిలుస్తాం. చెప్పులూ బూట్లూ తలుపు బయటే విడుస్తాం. ఎదురింటి పెద్దావిడ ఇదేమైనా చెప్పుల దుకాణమా అని ఒకసారి గొడవ పెట్టుకుంది. మేము మానలేదు. అద్దె ఇల్లయితే మాత్రం బూట్లతో తొక్కనిస్తామా?

వచ్చిన కొత్తలో నేను ఒట్టి పిరికిదాన్ని, అది కూడా రాసుకోండి. కొట్లో అడగడానికి నోరు రాక, కంటికి కనిపించిందే కొనుక్కుని వచ్చేదాన్ని. "నోరు విప్పవే తల్లీ, ఎవరూ కొరకరు" అని అక్క రోజూ పోరేది.

మంగళవారం ఉదయం పదిన్నర ప్రాంతంలో బెల్లు మోగింది. మిగతా ముగ్గురూ క్లాసులకు వెళ్ళారు. తలుపు తీస్తే ఎదురుగా నీలం చొక్కా, భుజాన సంచి, మా నాన్న వయసు మనిషి. హీటరు చూడడానికి ఇంటి యజమాని పంపాడని చెప్పాడు. కార్డు చూపించమని అడగాలి. అడగలేదు. అంత పెద్దమనిషి గుమ్మంలో నిలబడితే కార్డు అడగడం మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు. ఒక్క మాట మాత్రం అన్నాను.

"బూట్లు బయట విప్పి రండి."

పనివేళల్లో విప్పకూడదన్నాడు.

"అయితే పనేం వద్దు, వెళ్ళండి."

ఈ నగరంలో నేను ఒకరికి ఎదురు చెప్పడం అదే మొదలు. గొణుక్కుంటూ విప్పాడు. బూట్లు కొత్తవి, మెరుస్తున్నాయి. ఎడమ సాక్సులోంచి బొటనవేలు బయటికి వచ్చింది.

తర్వాత నేను చేసిన పనికి అక్క ఇప్పటికీ నవ్వుతోంది. అతనికి టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళాను. దొంగకు టీ. అల్లం కూడా దంచి వేశాను.

కప్పు పట్టుకుని వచ్చేసరికి నా లాప్‌టాప్ అతని సంచిలోకి వెళ్తోంది. వచ్చినప్పటి నుంచీ చేసిన నా పనంతా అందులోనే ఉంది. ఆ మధ్యాహ్నమే ప్రొఫెసర్లకు చూపించాలి. చూపించకపోతే సెమిస్టరు పోతుంది. సెమిస్టరు పోతే వీసా పోతుంది. ఇంకో కాపీ ఎందుకు దాచుకోలేదని మీరు అడగకండి, ఆ తిట్లు ఇంట్లోనే తిన్నాను.

మనిషిని ఆపే బలం నాకు లేదు. తలుపుకు నేనే దగ్గరగా ఉన్నాను. కప్పు అక్కడే వదిలేసి బయటికి దూకి, అతని బూట్లు రెండూ ఎత్తుకుని పై అంతస్తు మెట్లెక్కి నిలబడ్డాను. బయట జోరున వాన. సాక్సులతో, భుజాన సంచితో వీధిలో నడిస్తే కుక్క కూడా అనుమానిస్తుంది. ఆ సంగతి అతనికీ తెలుసు.

"బూట్లివ్వు" అన్నాడు.

"లాప్‌టాప్ కింద పెట్టు."

"ముందు బూట్లు."

ఇక నాకు తెలుగు వచ్చేసింది. "ఒరేయ్ దొంగవెధవా! పెట్టరా కింద! నీ మొహానికి టీ కూడా పెట్టానురా, అల్లం వేసి మరీ పెట్టాను!"

అతనికి తెలుగు రాదు. అయినా అర్థమైంది. లాప్‌టాప్ తీసి గుమ్మం ముందు పెట్టాడు. నేను ఒక బూటును అతని తల మీదుగా కింది అంతస్తుకు విసిరాను. దాని కోసం అతను దిగేలోపు వచ్చి, లాప్‌టాప్ అందుకుని, లోపలికి పోయి గడియ పెట్టాను. రెండో బూటు నా చంకలోనే ఉండిపోయింది.

నా అరుపులకు ఎదురింటి పెద్దావిడ తలుపు సందులోంచి అంతా చూసి మీకు ఫోన్ చేసింది. బస్టాపులో మీకు దొరికిన ఒంటి బూటు మనిషి అతనే. మీ బల్ల మీదున్నది ఆ రెండో బూటే. నేను దాన్ని కాజేశానని అతను అంటున్నాడట. ఒక లాప్‌టాప్‌కు ఒక బూటు. బేరంలో నేను మోసమేమీ చేయలేదు.

మధ్యాహ్నం వెళ్ళి నా పని చూపించాను. గొంతు బొంగురుపోయింది గానీ ఒక్క ప్రశ్నకూ తడబడలేదు. పాసయ్యాను. చాలా గర్వంగా ఉంది, అదీ రాసుకోండి.

సాయంత్రం ఫోన్‌లో అమ్మ ఏడ్చింది. "ఇంక చాలమ్మా, ఇంటికి వచ్చేయ్."

"ఇంట్లోనే ఉన్నాను కదమ్మా" అన్నాను. అన్నాక గానీ ఏమన్నానో నాకు తెలియలేదు.

ఈ వాంగ్మూలం నాకు తెలుగులో చదివి వినిపించారు. నా తిట్టును మెత్తగా రాశారు, దాన్ని సరిచేయించాను. మొదట ఇచ్చిన చిరునామా కూడా కొట్టేయించాను. మూడో అంతస్తు, ఎడమ చేతి తలుపు అని రాయించాను. కోర్టు కాగితాలు అక్కడికే పంపండి. మిగతాదంతా జరిగింది జరిగినట్టు నేను చెప్పిందే, ఎవరి బలవంతమూ లేదు.

కాగితాలు తెచ్చేవాళ్ళు బూట్లు బయట విప్పాలి.

(సంతకం, తెలుగులో)