ఒక్క మనిషి బరువు

మైదానం మీంచి పైకి లేచిన వేడిగాలి బెలూన్ బుట్టలో చైర్మన్‌గారు, ఆయన కుటుంబం, ఒక మూలకి ఒదిగి ఆయన పీఏ.

“ఏమయ్యా, ఇంత బుట్ట, ఇంతమందిమి. ఎలా లేచిందంటావు?”

“పైన మంట ఉంది కదండీ. దాంతో లోపలి గాలి వేడెక్కి, పల్చబడి, తేలికవుతుంది. చుట్టూ ఉన్న చల్లగాలి బరువు. అది దీన్ని పైకి నెడుతుంది సార్.”

“మరి ఇందాక ఎంత మంట పెట్టినా కదల్లేదే?”

“ఆ వేడి మోయగలిగినదానికంటే మనం ఒకరం ఎక్కువయ్యామండీ. దించక తప్పలేదు.”

“మా బావమరిదిని దించాల్సింది.”

“ఆ మాటే అనబోయానండీ. అమ్మగారు నావైపు ఒక చూపు చూశారు. మనవాడు కానివాడు ఒక్కడే కనబడ్డాడు. ఫోటోలకి కూడా అడ్డొస్తున్నాడని అతన్నే దించేశాను.”

“శభాష్! అదుగో, కింద ఎవడో చేతులూపుకుంటూ మన వెనకే పరుగెత్తుతున్నాడు. ఏదో అరుస్తున్నాడు కూడా. జై కొడుతున్నట్టున్నాడు. జనానికి నేనంటే ఎంత ప్రాణమో చూశావా! నువ్వూ ఊపు చెయ్యి.”

“ఊపుతున్నానండీ.”

“సరే, ఫోటోలయ్యాయి, ఎండెక్కుతోంది. ఇక కిందికి దించమను.”

“మంట తగ్గిస్తే గాలి చల్లారి అదే దిగుతుందట సార్. కానీ ఎంత తగ్గించాలో, ఎక్కడ దించాలో ఈ బెలూన్ నడిపే అతనికే తెలుసు.”

“అయితే అతనికే చెప్పు. ఏడీ?”

“ఇప్పుడే మీరు చెయ్యి ఊపారు చూడండి… అతనేనండీ.”